యంత్రం యంత్రం కోసమేనా?

“కళ కళ కోసమే” అన్నవారితో మన అభ్యుదయ సాహిత్యోద్యమం తగవు పెట్టుకుని ఎనభై యేళ్లు దాటింది. ఆ తగవులో గెలుపు మనదేనని మనలో చాలామంది నమ్మకం. కవిత్వంలో సంగతి ఎట్లా ఉన్నా, ఆ వాదం చావలేదనీ, ఇల్లు మాత్రం మార్చిందనీ నా అభిప్రాయం. ఈనాడు అది యంత్రాల గురించి రాసే రాతల్లో హాయిగా కాపురం చేస్తున్నది. యుద్ధవిమానాల మీద, యుద్ధనౌకల మీద వచ్చే పుస్తకాలు తిరగేయండి. రెక్క పొడుగెంత, ఇంజను బలమెంత, ఎంత ఎత్తున ఎగిరింది, ఎంత బరువు మోసింది: అంతా శిల్పమే. వస్తువు మచ్చుకైనా కనపడదు. ఆ బరువు ఎవరి నెత్తిన పడిందని అడిగినవాణ్ణి కచేరీలో దగ్గినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

ఒక్క యంత్రాన్ని తీసుకుని ఈ సంగతి తేల్చుకుందాం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో, డల్లెస్ విమానాశ్రయం పక్కన, స్మిత్‌సోనియన్ సంస్థ 2003 డిసెంబరులో ఒక పెద్ద విమానాల ప్రదర్శనశాల తెరిచింది. అందులో వెండిలా మెరిసే నాలుగు ఇంజన్ల బాంబరు ఒకటి ఉన్నది. పేరు ఎనోలా గే. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసింది ఆ విమానమే. దాన్ని నడిపిన పాల్ టిబెట్స్ తన కన్నతల్లి పేరు దానికి పెట్టుకున్నాడు. ప్రదర్శనశాల తెరిచిన నాడు దాని ముందు నిలిపిన ఫలకం మీద, అది బి-29 జాతి విమానమనీ, రెండవ ప్రపంచయుద్ధంలో ప్రొపెల్లరు బాంబర్లన్నిటిలో మిక్కిలి అధునాతనమైనదనీ, సిబ్బందిని పీడనగదుల్లో కూర్చోబెట్టిన మొదటి బాంబరనీ రాశారు. యుద్ధంలో మొదటి అణ్వాయుధాన్ని హిరోషిమా మీద వేసిందని కూడా ఒక వాక్యం ఉన్నది. ఆ తర్వాత కొలతలు. ఎంతమంది చనిపోయారన్న అంకె లేదు. చరిత్రకారులు, రచయితలు కొందరు ఆ అంకె చేర్చమని కోరితే మ్యూజియంవారు ఒప్పుకోలేదు.

ఆ దేశంలో ఇంజనీరుగా పనిచేస్తున్న నా మేనల్లుడు ఆ విమానాన్ని చూసివచ్చి ఫోను చేశాడు. “కంప్యూటర్లు లేని రోజుల్లో అట్లాంటి యంత్రం చేశారంటే చేతులెత్తి మొక్కాలి మావయ్యా” అన్నాడు. దాని కింద ఎంతమంది పోయారో రాశారా అని అడిగాను. “అది విమానాల మ్యూజియం మావయ్యా, శ్మశానం కాదు. యంత్రానికి పాపపుణ్యాలేముంటాయి? వాడినవాళ్లని అడగండి” అన్నాడు. కుర్రవాడు మంచివాడే. ఆ మాట అతని సొంతమూ కాదు. చదువుకున్నవాళ్లలో నూటికి తొంభైమంది నోట వినపడే మాట గనకనే దానికి జవాబు రాయవలసి వచ్చింది.

యంత్రం గొప్పదేనని ముందుగా ఒప్పుకుంటాను. మొక్కదగ్గదేనేమో గూడా. బోయింగ్ కంపెనీ తయారుచేసిన ఈ బి-29, ‘సూపర్ ఫోర్ట్రెస్’, మొదటిసారి ఎగిరింది 1942 సెప్టెంబరు 21న. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 141 అడుగులు. ఒక్కొక్కటి 2,200 గుర్రాల బలంగల నాలుగు ఇంజన్లు. పదకొండుమంది సిబ్బంది ముప్పైవేల అడుగుల ఎత్తున గూడా ముక్కుకు గొట్టం తగిలించుకోకుండా గాలి పీల్చుకోగల గదులు. ఒకచోట కూర్చుని ఇంకొకచోట ఉన్న మరతుపాకులను తిప్పి కాల్చే ఏర్పాటు. దానికి గురి లెక్కకట్టి పెట్టే యంత్రం గూడా అందులోనే. కంప్యూటర్లు లేని రోజులని మావాడు అన్నాడు గాని, ఒక తరహా కంప్యూటరు ఆ విమానం పొట్టలోనే ఉన్నది. ఈ పథకం మొత్తానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన ఖర్చు సుమారు 300 కోట్ల డాలర్లు. అణుబాంబు తయారీకి అయినది సుమారు 200 కోట్లు. బాంబు కన్నా బాంబు మోసే బండికే ఎక్కువ అయిందన్నమాట.

ఆ బండి మొట్టమొదట ఎవరిని చంపిందో గూడా చెప్పాలి. 1943 ఫిబ్రవరి 18న సియాటిల్ నగరంలో, బోయింగ్ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లోనే, పరీక్షకు లేచిన విమానం ఒకటి ఇంజను నిప్పంటుకుని ఒక మాంసం ఫ్యాక్టరీ మీద కూలింది. ఎడ్డీ అలెన్ అనే పేరుమోసిన పరీక్షక పైలటు, అతని తోటివారంతా చనిపోయారు. కింద పనిచేసుకుంటున్న కార్మికులు సుమారు ఇరవైమంది వారితోపాటే పోయారు. ఇంజను తొడుగులో వాడిన మెగ్నీషియం లోహానికి నిప్పు తగిలితే ఆర్పడం కష్టం. ఆ సంగతి తెలిసి గూడా విమానాలను ఆపలేదు, యుద్ధం తొందర. బి-29 మీద వచ్చే పుస్తకాల్లో ఈ ప్రమాదం “తొలి సాంకేతిక ఇబ్బందులు” అన్న శీర్షిక కింద ఉంటుంది.

ఇక వాడినవాళ్లని అడగమన్న వాదం. కూరగాయలు తరిగే కత్తితో మనిషిని గూడా పొడవవచ్చు గనక కత్తిని తప్పుపట్టరాదన్నది దీని వెనక ఉన్న ఉపమానం. ఉపమానం బాగానే ఉన్నది గాని బి-29 కూరగాయల కత్తి కాదు. దాని పొట్టను రెండు బాంబుల గదులుగా చేశారు. సముద్రాలు దాటి పోయి ఒక ఊరి మీద బరువు దించి తిరిగి రావడానికి దాని రెక్కను గీశారు. దాన్ని వాడినవాడు ఆ తర్వాత పుట్టలేదు. గీసిన కాగితం మీదనే కూర్చుని ఉన్నాడు. వస్తువును బట్టే శిల్పం రూపుదిద్దుకుంటుందని మనం కవిత్వం గురించి చెప్పే మాట యంత్రం విషయంలో ఇంకా సూటిగా నిజం.

ఇప్పుడు ఆ ఫలకానికి ఎక్కని కొన్ని ఊళ్ల పేర్లు చెబుతాను: ఖరగ్‌పూర్, చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండీ. బి-29లు యుద్ధానికి మొదట బయలుదేరింది ఈ ఊళ్లనుంచే. 1944లో అమెరికావారి ఇరవయ్యో బాంబరు కమాండు మన దేశానికి వచ్చి ఖరగ్‌పూర్‌లో మకాం పెట్టింది. వాళ్ల ముఖ్యస్థానం హిజ్లీలో, రాజకీయ ఖైదీలను నిర్బంధించిన జైలు భవనంలో. 1931 సెప్టెంబరు 16న ఆ జైలులోనే తెల్లదొరల పోలీసులు నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రను, తారకేశ్వర్ సేన్‌గుప్తాను చంపారు. రవీంద్రనాథ ఠాగూరు కలకత్తా సభలో నిలబడి దాన్ని ఖండించారు. ఆ గోడల మధ్యకే పదమూడేళ్ల తర్వాత బాంబర్ల పటాలు, లెక్కలు వచ్చి చేరాయి. 1951లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. లాంఛనంగా ప్రారంభమయిందీ ఆ భవనంలోనే. మన ఇంజనీరు కుర్రవాళ్లకు ఈ వంశావళి తెలిస్తే బాగుండును.

ఖరగ్‌పూర్ ఉన్నది మేదినీపూర్ జిల్లాలో. 1942 ఆగస్టు ఉద్యమంలో ఆ జిల్లా లేచి నిలబడింది. తమ్లూక్‌లో జనం సొంత ప్రభుత్వమే పెట్టుకున్నారు. అదే ఏడు అక్టోబరు 16న తుఫాను, ఉప్పెన వచ్చి పైరునూ పశువులనూ మనుషులనూ తుడిచిపెట్టాయి. జపానువాడికి దొరకకూడదని ప్రభుత్వం అంతకుముందే బెంగాల్ తీరంలో పడవలను లాగేసుకుంది, బియ్యాన్ని తరలించింది. 1943లో కరువు. బెంగాల్ మొత్తం మీద చచ్చినవారు ముప్పై లక్షలని ఒక అంచనా. చిత్తప్రసాద్ మేదినీపూర్ దారుల వెంట నడిచి ఆ ఎముకల గూళ్లను బొమ్మలుగా గీశాడు. ఆ బొమ్మల పుస్తకాన్ని ప్రభుత్వం పట్టుకుని ధ్వంసం చేసింది. ఆ నేల మీద, ఆ కరువు వెనువెంటనే, ప్రపంచంలోకెల్లా ఖరీదయిన బాంబరుకు రన్‌వేలు పొడిగించారు. పొడిగించింది అమెరికా ఇంజనీరు దళాలతోపాటు వేలాది మన కూలీలు. తట్టలు మోసి కంకర పరిచినవారి పేరు ఒక్కటైనా బి-29 చరిత్రలో దొరకదు.

అక్కడ మనవాళ్లు గూడా ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు పుణ్యమా అని ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. వారి ఇళ్ల మీదుగానే ఆ విమానాలు లేచాయి. 1944 జూన్ 5న మొదటి దాడి. 98 విమానాలు బయలుదేరి బాంకాక్ రైల్వే వర్క్‌షాపుల మీదికి వెళ్లాయి. రైల్వే వర్క్‌షాపు ఊరినుంచి ఇంకొక రైల్వే వర్క్‌షాపు మీదికి! ఆ తర్వాత రంగూను రైల్వే యార్డు. కోరంగి రేవు పేరు మీద ‘కోరంగీలు’ అనిపించుకున్న మన తెలుగు కూలీలు రెండు మూడు తరాలపాటు మూటలు మోసిన ఊరు అది.

ఇక్కడ మన ఇంటి సంగతి ఒకటి దాచకుండా చెప్పుకోవాలి. ఆనాడు మనవారిలో చాలామంది దాన్ని ప్రజాయుద్ధమన్నారు. జపాను ఫాసిజం నిజమైన శత్రువే. చుంగ్‌కింగ్ నగరాన్ని ఏళ్ల తరబడి బాంబులతో కొట్టింది, నాన్‌కింగ్‌లో మారణహోమం చేసింది జపాను సైన్యమే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిందీ జపాను విమానాలే. ఫాసిజాన్ని ఓడించాలన్న మాటలో తప్పులేదు. కాని యుద్ధం న్యాయమైనది గనక ఆ యుద్ధంలో మనవైపు ఆయుధం చేసిన ప్రతి పనీ న్యాయమైనదే అనుకోవడం మన తప్పు. ఆ తప్పు మనం పూర్తిగా దిద్దుకోలేదు.

ఎందుకంటే బి-29 కాల్చిన మొదటి పెద్ద ఊరు శత్రువుది కాదు, మిత్రదేశానిది. చైనాలో చెంగ్‌టూ చుట్టూ బాంబర్లకు రన్‌వేలు కావలసివచ్చి మూడు లక్షలకు పైగా రైతులను పిలిపించారు. యంత్రాలు లేవు. రాళ్లను చేతులతో కొట్టి, వందలమంది కలిసి రాతి రోలర్లను లాగి, కొన్ని నెలల్లో పని ముగించారు. ఖరగ్‌పూర్ నుంచి హిమాలయాల తూర్పు కొస మీదుగా పెట్రోలు, బాంబులు మోసుకుపోయి అక్కడ దించి, చాలినంత కూడిన తర్వాత జపాను మీదికి వెళ్లేవారు. ఒక్క దాడికి ఎన్నో విడతల మోత. ఆ విధంగా జపాను మీద వేసిన బాంబులు సుమారు 800 టన్నులేననీ, వాటివల్ల చెప్పుకోదగ్గ ఫలితం లేదనీ అమెరికావారి బాంబుదాడుల సర్వే సంఘమే 1946లో తేల్చింది. కాని 1944 డిసెంబరు 18న ఆ చెంగ్‌టూ నుంచే ఎనభైకి పైగా బి-29లు వెళ్లి, జపాను ఆక్రమణలో ఉన్న చైనా నగరం హాంకౌ మీద అగ్నిబాంబులు కురిపించాయి. రేవు, గిడ్డంగులు, వాటి వెనక ఇళ్లు రోజుల తరబడి కాలాయి. కాలినవారిలో చైనీయులున్నారు. మూడు లక్షలమంది చైనా రైతులు రాళ్లు కొట్టి వేసిన బాట చివరికి ఎక్కడ తేలిందో చూడండి! ఆ దాడిలో నిప్పు బాగా పనిచేసిందన్న పాఠాన్ని మాత్రం జాగ్రత్తగా రాసిపెట్టుకున్నారు.

పాఠం రాసుకున్న సేనాని పేరు కర్టిస్ లెమే. 1944 ఆగస్టులో ఖరగ్‌పూర్ వచ్చి, 1945 జనవరిలో పసిఫిక్ సముద్రంలోని మేరియానా దీవులకు మారాడు. అప్పటిదాకా ముప్పైవేల అడుగుల ఎత్తునుంచి వేసిన బాంబులు గాలివేగానికి, మబ్బులకు గురితప్పుతున్నాయి. లెమే విమానాలను అయిదు నుంచి తొమ్మిదివేల అడుగులకు దించాడు. తుపాకులు చాలావరకు తీసేయించి ఆ బరువుకు బదులు అగ్నిబాంబులు ఎక్కించాడు. 1945 మార్చి 9వ తేదీ రాత్రి 279 విమానాలు టోకియో మీద సుమారు 1,665 టన్నుల అగ్నిబాంబులు వేశాయి. తెల్లవారేసరికి 16 చదరపు మైళ్ల ఊరు బూడిద. పోలీసులు లెక్కించిన శవాలు 83,793. చనిపోయినవారు లక్షకు తక్కువ ఉండరని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇళ్లు పోయినవారు పదిలక్షలు.

మా మేనల్లుడు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని నా కోరిక. ఆ రాత్రి అంత కిందికి దిగి ఎగిరిన విమానానికి పీడనగదితో పనిలేదు. తుపాకులు తీసేసిన చోట ఆ లెక్కలు కట్టే యంత్రం దండగ. ఫలకం మీద వర్ణించిన శిల్పమంతా ఆ రాత్రి పక్కకు పెట్టిన సామాను. అక్కరకు వచ్చినవి రెండే: ఎంత దూరం పోగలదు, ఎంత మోయగలదు. ఆ ఎనోలా గే విమానాన్నీ అంతే చేశారు. బరువు తగ్గించడానికి తోకలోవి తప్ప తుపాకులన్నీ పీకేశారు. రూపాన్ని పూజించేవాళ్లు ఏ రూపాన్ని పూజిస్తున్నారో ఆ రూపం గూడా ఆ పనినాడు లేదు.

కాలింది ఎవరి పేట? సుమిదా నది ఒడ్డున పల్లపు టోకియో. ఫుకాగావా, హోంజో, అసాకుసా: కూలీలు, చిన్న చేతిపనివాళ్లు, దుకాణందారులు కిక్కిరిసి బతికిన కొయ్య ఇళ్లు. ఆ ఇళ్లలోనే చిన్న చిన్న యంత్రాలు పెట్టి యుద్ధసామగ్రి చేస్తున్నారు గనక ఊరంతా ఫ్యాక్టరీయేనని లెమే వాదించాడు. చక్రవర్తి కోటను మాత్రం తప్పించమని ఆజ్ఞలున్నాయి. యుద్ధం ప్రకటించినవాడి ఇల్లు పదిలం, మేకులు కొట్టేవాడి ఇల్లు గురి!

ఆ ఇళ్లు ఎట్లా అంటుకుంటాయో ముందుగానే ప్రయోగం చేసి చూశారు. 1943లో ఊటా ఎడారిలో, డగ్‌వే అనేచోట, జపాను కార్మికుల ఇళ్ల నమూనాలు అచ్చంగా కట్టించారు. లోపల చాపలు గూడా పరిచి, వాటిమీద నేపాం బాంబులు వేసి, ఎంతసేపట్లో కాలుతాయో కొలిచారు. ఆ ఇళ్లు గీసి ఇచ్చినది ఆంటొనిన్ రేమండ్ అనే వాస్తుశిల్పి. చాలా ఏళ్లు జపానులో ఉండి, జపాను ఇంటి అందాన్ని ప్రేమించినవాడు. ఈయన పేరు మనకు పరాయిది కాదు. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ అనే పేరుగల వసతిగృహాన్ని గీసింది ఈయనే. హైదరాబాదు సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ ద్వారా నైజాం విరాళం వచ్చింది గనక ఆ కట్టడానికి ఆ పేరు. గాలీ వెలుతురూ ఎంతో మెత్తగా మనిషిని తాకేటట్టు కట్టిన ఇల్లని చూసినవారంతా చెబుతారు. ఆ పని మీద ఆయనకు కుడిభుజంగా నిలిచిన జార్జి నకాషిమా జపాను సంతతివాడు. యుద్ధంలో అమెరికా ప్రభుత్వం ఆయన్ను నిర్బంధ శిబిరంలో పెడితే, విడిపించి తన తోటకు తెచ్చుకున్నదీ రేమండే. దుర్మార్గుడు కాడు, చూశారా! చేయితిరిగిన శిల్పి, దయగలవాడు. ఒక చేత్తో మనుషులు ఉండే ఇల్లూ, ఇంకొక చేత్తో కాల్చి కొలిచే ఇల్లూ గీశాడు. శిల్పం తనంతట తాను మనిషిని కాపాడదనడానికి ఇంతకన్న ఉదాహరణ నాకు తెలియదు.

టోకియో తర్వాత అరవైకి పైగా ఊళ్లు అదేవిధంగా కాలాయి. అవే విమానాలు జపాను రేవుల్లో వేలాది మందుపాతరలు వదిలి తిండి ఓడలను ఆపాయి. ఆ కార్యక్రమానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఆకలిచావు’. కరువు జిల్లాలో యుద్ధం మొదలుపెట్టిన యంత్రానికి తగిన పేరే. ఆ తర్వాత హిరోషిమా. 1945 చివరికి లక్షా నలభైవేలమంది. ఆగస్టు 9న నాగసాకి, సుమారు డెబ్బైవేలు. చచ్చినవారిలో జపాను వలసపాలనలో కూలికి తరలివచ్చిన కొరియనులు వేలాదిమంది ఉన్నారు.

యుద్ధాన్ని తొందరగా ముగించి లక్షలమందిని కాపాడిందన్నది చివరి కోట. ఆ సర్వే సంఘమే 1946లో, అణుబాంబు వేయకపోయినా, రష్యా యుద్ధంలోకి దిగకపోయినా, 1945 డిసెంబరు 31 లోపల జపాను లొంగిపోయి ఉండేదని రాసింది. ఆ అంచనాను తర్వాతి చరిత్రకారులు కొందరు ప్రశ్నించారు. ఆ వాదన ఇంకా సాగుతూనే ఉన్నది, నేనిక్కడ తీర్చబోవడం లేదు. ఒక్కటి అడుగుతాను. ఆగస్టు 14 రాత్రి, జపాను లొంగుబాటుకు ఒప్పుకున్న తర్వాత, బి-29లు కుమగాయా పట్టణాన్ని తగలబెట్టాయి. మర్నాడు మధ్యాహ్నం చక్రవర్తి రేడియోలో మాట్లాడాడు. కుమగాయా ఎవరి ప్రాణాలను కాపాడడానికి కాలింది?

మన వైపు వారిని గూడా వదలరాదు. 1944లో సోవియట్ నేల మీద దిగిన మూడు బి-29లను పట్టి ఉంచి, విప్పి, మేకుకు మేకు నకలు తీసి, టుపోలెవ్ 1947లో టు-4 అన్న బాంబరును తయారుచేశాడు. 1951లో సోవియట్ వారు విమానం నుంచి వేసిన మొదటి అణుబాంబు పరీక్షకు వాడింది దాన్నే. చుట్టూ శత్రువులున్నప్పుడు ఏం చేస్తారని మనవాళ్లు సమాధానం చెప్పేవారు. ఆ సమాధానంలో బలం లేకపోలేదు. అయినా శాంతి విజ్ఞప్తుల మీద సంతకాలు సేకరించిన చేతులతోనే ఆ విమానానికి చప్పట్లు కొట్టినవారు మనలో ఉన్నారు. ఎర్రచుక్క అద్దినంత మాత్రాన బాంబు గది ధాన్యపు కొట్టు కాదు.

కొరియాకు వద్దాం. 1950 నుంచి 1953 దాకా ఆ దేశపు ఊళ్లను నేలమట్టం చేసిందీ ఎక్కువగా ఈ విమానాలే. 1950 నవంబరు 8న సుమారు డెబ్బై బి-29లు సినుయిజు పట్టణాన్ని అగ్నిబాంబులతో కాల్చాయి. కొరియా జనాభాలో ఐదోవంతును చంపామని లెమే తర్వాత తానే చెప్పుకున్నాడు. లెమే కింద బి-29 దాడుల లెక్కలు చూసిన అధికారి రాబర్ట్ మెక్‌నమారా తర్వాత వియత్నాం యుద్ధకాలంలో రక్షణమంత్రి అయ్యాడు, ఆపైన ప్రపంచబ్యాంకు అధ్యక్షుడయ్యాడు. మనం గనక ఓడిపోతే మనల్ని యుద్ధనేరస్థులుగా విచారించేవారని లెమే అన్నట్టు ఈ మెక్‌నమారాయే ముసలితనంలో 2003 నాటి ఒక చిత్రంలో చెప్పాడు. ఓడిపోలేదు గనక 1964లో జపాను ప్రభుత్వమే లెమేకు ఉదయభాను బిరుదులో మొదటి తరగతి పతకం ఇచ్చింది. జపాను కొత్త వైమానికదళాన్ని నిలబెట్టడంలో సాయపడ్డాడట! ఆ ప్రభుత్వమే మాజీ సైనికులకు పింఛనులిచ్చి, టోకియో మంటల్లో బిడ్డలను పోగొట్టుకున్నవారికి దమ్మిడీ ఇవ్వలేదు. వాళ్లు 2007లో కోర్టుకెక్కితే 2013లో సుప్రీంకోర్టు గూడా తిప్పిపంపింది. రెండు దేశాల పాలకవర్గాలకు మాట కలిసింది. కాలినవాళ్ల మాట ఎవరికీ పట్టలేదు.

ఫలకం మీద ఆ అంకె లేకపోవడం మరుపు కాదు. 1995లో, హిరోషిమాకు యాభైయేళ్లు నిండిన సందర్భంలో, ఆ మ్యూజియంవారే వేరొక ప్రదర్శన తలపెట్టారు. విమానం పక్కనే హిరోషిమా నుంచి తెచ్చిన వస్తువులు పెట్టాలనుకున్నారు. అందులో ఒక బడిపిల్ల అన్నం డబ్బా ఉన్నది. లోపల అన్నమూ బఠాణీలూ మాడి బొగ్గయిపోయి ఉన్నాయి. వైమానికదళం సంఘంవారు, మాజీ సైనికుల సంఘాలవారు, సెనేటువారు కలిసి లేచారు. ప్రదర్శన రద్దయింది. డైరెక్టరు మార్టిన్ హార్విట్ రాజీనామా చేశాడు. విమానం వచ్చింది, అన్నం డబ్బా రాలేదు. మూడువేల తొమ్మిదివందల పైచిలుకు బి-29లను నిలబెట్టి చూపినా ఆ పెద్దలకు భయం లేదు. ఒక్క డబ్బాకు భయపడ్డారు. యంత్రానికి పాపపుణ్యాలు లేవని నిజంగా నమ్మినవాళ్లయితే డబ్బా పక్కన ఉంటే నష్టమేమిటి?

ఈనాటికీ ఎగరగలిగేట్టు బాగుచేసిన బి-29లు అమెరికాలో రెండున్నాయి. వాటిని ఊరూరా తిప్పి, టిక్కెట్టు కొన్నవారిని ఎక్కించుకుంటారు. ముక్కు దగ్గర, బాంబు వేసేవాడు కూర్చున్న అద్దాల చోటుకు టిక్కెట్టు ధర అన్నిటికన్నా ఎక్కువ.

దీనికి ఎదురుగా ఒక రచయిత పని చెబుతాను. కట్సుమోటో సావోటోమే పన్నెండేళ్లవాడుగా ఉన్నప్పుడు ఆ మార్చి రాత్రి నిప్పులోంచి బయటపడ్డాడు. ఫ్యాక్టరీ కార్మికుడుగా బతుకు మొదలుపెట్టి రచయిత అయ్యాడు. 1970లో తోటివారితో కలిసి బతికి బయటపడ్డవారి మాటలు సేకరించడానికి సంఘం పెట్టాడు. 1971లో ఆయన రాసిన టోకియో దాడి పుస్తకం వెలువడింది. టోకియో నగరప్రభుత్వం కడతానన్న శాంతి మ్యూజియం 1999లో అటకెక్కితే, ఆయనా ఆయన మిత్రులూ చందాలు పోగుచేసి 2002లో కోటో పేటలో సొంతంగా ఒకటి తెరిచారు. 2022లో ఆయన కన్నుమూశాడు.

ఖరగ్‌పూర్ తెలుగువారిలో అటువంటి పని మొదలుపెట్టదగ్గ రచయితలు లేకపోరు. 1944లో అయిదారేళ్ల పిల్లలైనవారికి ఇప్పుడు ఎనభై అయిదు దాటింది. ఆ రన్‌వేలకు కంకర మోసిందెవరు, కూలి ఎంత ఇచ్చారు, ముందటి ఏడు కరువులో ఆ ఇళ్లల్లో ఎవరెవరు పోయారు, రాత్రిపూట ఆ విమానాలు లేస్తుంటే తల్లులు ఏమన్నారు: ఈ ప్రశ్నలు పట్టుకుని వీధివీధీ తిరగాలి. తిరిగి వచ్చినవారు రాసి పంపితే నా మేనల్లుడికి నేనే చేరవేస్తాను.